కాగితం గరుకు

డాబాగార్డెన్స్ సందులో, మేడ మీద,
రెండు కుర్చీలు పట్టని నా కొట్టుకి
గరికిన కొర్లమ్మ వచ్చింది.
చేపల తట్ట మెట్ల కింద దించి
చెయ్యి కొంగుకి మూడుసార్లు తుడుచుకుని
క్యాలెండరు కాగితంలో చుట్టిన ఫొటో ఇచ్చింది.

"మా అయ్య. సొంత వల కొన్న రోజు.
పెద్దది సెయ్యి బాబూ, గోడ మీద కనపడాల."

వెనకాల
వన్‌టౌన్‌లో ఎప్పుడో మూతబడ్డ స్టూడియో ముద్ర.
సిల్కు కాగితం.
ఆ రోజుల్లో దానికి రూపాయిన్నర ఎక్కువట,
వేలిముద్రలు పడవని, మెరుపు కళ్ళలో కొట్టదని.
తడిమితే తేనెపట్టు.
గది పక్కన గది, గది పక్కన గది,
మనిషి మొహం మీంచి, తెర మీది రంగుల కొండ మీంచి
ఎక్కడా ఆగకుండా.

స్కానర్ మూత వేశాను.
దీపం ఒక పక్కనుంచే నడుస్తుంది కదా,
ప్రతి బొడిపెకీ ఒక మెరుపు, ఒక నీడ.
ఎల్లాజీ
ఇసక గాలిలో నిలబడ్డట్టు వచ్చాడు.

కాస్త మసక పెట్టి చూశాను.
గరుకుతో పాటు కనుబొమలూ పోయాయి.

అప్పుడు నా దగ్గరున్న పెద్ద విద్య తీశాను,
బొమ్మని అలలుగా విడగొట్టే విద్య.
అందులో మొహం ఉండదు, చొక్కా ఉండదు.
నల్లటి ఆకాశం, నడిమధ్య తెల్లటి మచ్చ,
చుట్టూ ఆరు చుక్కలు.
ఆ ఆరే కాగితం.
ఒక్కొక్కదాని మీదా నలుపు అద్ది
మళ్ళీ బొమ్మగా తిప్పాను.

నున్నగా వచ్చాడు మనిషి.
చెంప మీద చెమట కూడా తెలుస్తోంది.
నేను మురిసిపోతూ ఉంటే
వెనకనుంచి కొర్లమ్మ:
"మా అయ్య సేతిలో వలేదీ?"

నిజమే.
రెండు చేతులూ చాచి
ఎల్లాజీ పొగమంచుని పట్టుకున్నాడు.

వల కన్నుకీ కాగితం గదికీ
కొలత ఒకటే అయింది.
చుక్కలు చూసి ఒడ్డు చేరే మనిషికి
చుక్కలే ఆర్పేశాను నేను.

"టీ తాగి రా అమ్మా" అన్నాను.
"నా సేపల మీద ఐసు లేదు, బేగి కానీ" అని
గుమ్మంలోనే కూచుంది.

ఇక తెలివితేటలు కట్టిపెట్టి,
హార్బరు గేటు దగ్గర జిరాక్సు మిషను నడిపిన
మా అప్పలస్వామి మేస్త్రి నేర్పిన మోటు పని మొదలెట్టాను.
ఒకసారి నిలువుగా.
తిప్పి, అడ్డంగా.
తలకిందులుగా.
మళ్ళీ అడ్డంగా.
నాలుగింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి,
గుండీకి గుండీ, కంటిపాపకి కంటిపాప అతికేదాకా జరిపి,
పావు పావు వంతున కలిపాను.

కాగితం నీడ దీపం ఎటుంటే అటు తిరుగుతుంది.
నాలుగు దిక్కుల నీడలూ ఒకదాన్నొకటి తినేశాయి.
ఆ రోజు స్టూడియోలో పడ్డ నీడ మాత్రం
ఎటు తిప్పినా కదల్లేదు.
ముక్కు పక్కనున్నది ముక్కు పక్కనే.
వల కిందున్నది వల కిందే.

గరుకు పూర్తిగా పోలేదు.
సముద్రపు చెమ్మకి బూజు తిన్న మూలలో ఇంకా ఉంది.
కానీ వల వచ్చింది,
కన్ను తర్వాత కన్ను తెరుచుకుని.

కొర్లమ్మ తెర దగ్గర మొహం పెట్టింది.
వేలు గాల్లో కన్ను వెంట కన్ను నడిచి
ఒకచోట ఆగింది.
"ఇక్కడ పెద్దది సెయ్యి."
చేశాను.
తెగి, మళ్ళీ అల్లిన చోటు.
"ఇది ఎడమసేతి ముడి" అంది.
"పేట మొత్తానికి ఎడమసేత్తో వల కట్టింది
మా సిట్టెమ్మత్త ఒక్కర్తే."

ఫ్యాను చప్పుడు.
కింద ఎవరో చందువా ఎంతని అరుస్తున్నారు.

"కొత్త వలకి అతుకెందుకుంటాది బాబూ?"

నలభై ఏళ్ళు ఆ ముడి
తేనెపట్టులో దాక్కుని ఉంది.
చెరిపెయ్యనా అని అడగబోయాను,
ఒక్క నిమిషం పని.
అంతలో ఆవిడ నవ్వింది, పొట్ట పట్టుకుని,
కళ్ళలో నీళ్ళొచ్చేలా.
"అరువు వలట్టుకుని
ఎంత టీవిగా నిలబడ్డాడో సూడు మా అయ్య!"

తర్వాత, కొంగుతో మొహం తుడుచుకుని:
"పెద్దదే సెయ్యి. ముడి కనపడాల.
సిట్టెమ్మత్త కూతురికీ ఒకటి."

ఇచ్చిన నోట్ల మీద రెండు పొలుసులు మెరిశాయి.
అసలు ఫొటో మళ్ళీ క్యాలెండరులో చుట్టే ముందు
బొటనవేలితో ఒకసారి తడిమింది,
గరుకు ఉందో లేదో చూసుకున్నట్టు.